సీలు కవరులోని స్లైడు

గాజు మీద గీత గీసినందుకు ఒక మనిషికి శిక్ష పడింది. అదే గాజు మీది సిరాచుక్కను తుడిచినవారికి ఏ శిక్షా పడలేదు, ఎందుకంటే తుడవడం తప్పని ఏ నిబంధనలోనూ రాసి లేదు. గీత వల్ల ఎవరికీ చీమ కుట్టినంత బాధ కూడా కలగలేదు. చుక్క తుడిచినందువల్ల ఒకాయనకు సగం నాలుక పోయింది. ఇందులో ప్రతి మాటకూ కాగితం ఉంది. వాటి నకళ్లు తేదీల వారీగా నా దగ్గర ఉన్నాయి. కాగితం లేకుండా విన్నది మాత్రమే చెప్పవలసివచ్చిన చోట, విన్నదనే రాస్తాను.

శిక్ష పడిన ఆమె పెద్దాసుపత్రి ప్రయోగశాలలో ఇరవయ్యారేళ్లుగా టెక్నీషియన్. నేను అదే ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా రెండు గదులకూ మధ్య ఒక నడవా, ఒక మంచినీళ్ల కుళాయీ మాత్రమే అడ్డం. చుట్టరికం లేకపోయినా ఆమె నన్ను బాబాయ్ గారూ అని పిలుస్తుంది. ఆమెను మాత్రం ఆసుపత్రిలో సొంత పేరుతో పిలిచేవారు తక్కువ. ఇష్టమున్నవారు చుక్కలక్క అనేవారు. లేనివారు, మర్యాదలో కాస్త వెటకారం కలిపి, చుక్కలమ్మగారు అనేవారు.

ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆమె పనిని చెప్పాలి. రోగి నోటిలోంచో గొంతులోంచో డాక్టరు తీసిన కందిగింజంత ముక్క మందునీళ్ల సీసాలో ప్రయోగశాలకు వస్తుంది. దానిలోని నీటిని విడిపించి, కరిగిన మైనంలో నిలబెట్టి, చల్లార్చి దిమ్మ కట్టాలి. నిలబెట్టడం అని ఊరికే అనలేదు. ముక్క పక్కకు ఒరిగితే పైపొర, దాని కింది పొర ఒకదాని మీద ఒకటి కనబడవు, చదునుగా ఒకే పొర కనబడుతుంది, చూసే డాక్టరు మోసపోతాడు. ఆ దిమ్మను యంత్రానికి బిగించి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుగా తరగాలి. తరిగినది నాడాలా వస్తుంది. దాన్ని గోరువెచ్చని నీటి తొట్టిలో వదిలి, ముడతలు విప్పుకున్నాక గాజు పలక మీదికి ఎత్తుకుని, రంగులు వేయాలి. ఆ పలకే స్లైడు. తరిగేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. ఏళ్ల తరబడి అలా బిగబట్టిన ఊపిరి అంతా ఒకచోట పోగేస్తే తాను రెండు మూడేళ్లు అదనంగా బతకవచ్చునని ఒకసారి నాతో అన్నది.

రంగు వేసిన స్లైడులో ఎక్కడైనా తేడాగా కనిపిస్తే టెక్నీషియన్లు గాజు మీద సిరాతో చిన్న చుక్క పెడతారు. వేలెడు పలకలో ఆవగింజంత చోటును డాక్టరు వెతుక్కోకుండా ఉండడానికి అదొక పాత అలవాటు. ఏ పుస్తకంలోనూ లేదు. పాత పెద్ద డాక్టరు గారు స్లైడు చేతిలోకి తీసుకోగానే ముందు చుక్క దగ్గర చూసి, తరవాత మిగతాది చూసేవారు. ఆమె పెట్టిన చుక్క వృథా పోయిన రోజు ఆయనకు గుర్తు లేదని, ఆయన వీడ్కోలు సభలో అన్న మాట సభా నివేదికలో ఉంది.

ఆమెకు ఈ చూపు వచ్చింది మరొకరి పని వల్ల. పదిహేనేళ్ల కిందట ఒక పరిశోధక డాక్టరు నోటిలోని తెల్లమచ్చల మీద అధ్యయనం మొదలుపెట్టాడు. పొగాకు దవడన పెట్టుకునేవారికి బుగ్గలోనో నాలుక అంచునో తెల్లటి మచ్చ వస్తుంది. అటువంటివాటిలో చాలావరకు అలాగే ఉండిపోతాయి. కొన్ని కాన్సరుగా మారతాయి. ఏది మారుతుందో ముందుగా తెలుసుకోవడం ఎలా అన్నదే అతని ప్రశ్న. మచ్చ కింది కండలో మాస్ట్ కణాలని ఒక రకం రక్షక కణాలుంటాయి. సన్నని రక్తనాళాల పక్కనే కాపురం ఉంటూ, పొట్టనిండా మందుగుళ్లలాంటి రేణువులు మోస్తుంటాయి. గాయమైతే ఆ రేణువులను వదులుతాయి. నాళాలు వెడల్పవుతాయి, సాయానికి రావలసిన కణాలు వస్తాయి, మానడానికి కావలసిన కొత్త నాళాలు పుడతాయి. శరీరానికి ఇది మేలు. అయితే పైపొర కణాలు దారి తప్పుతున్నచోట కూడా ఈ కాపలాదారులు మూగుతాయి, అవే రేణువులను వదులుతాయి, అవే కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. ఈసారి ఆ నాళాల్లో పారే నెత్తురు దారి తప్పిన కణాలకు మేత అవుతుంది. కంచే చేను మేసినట్టన్నమాట.

ఆ డాక్టరు ప్రతి నోటి ముక్కకూ నీలిరంగు స్లైడు ఒకటి అదనంగా తీయమని, పది చోట్ల మాస్ట్ కణాలను, నాళాలను లెక్కపెట్టమని ఆమెను కోరాడు. కోరుతూ రాసిన ఉత్తరం మీద అప్పటి పెద్ద డాక్టరు గారి అనుమతి సంతకం ఉంది. రెండేళ్లకు అతడు పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాడు. లెక్క ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక ఆమె ఆపలేదు. రూళ్ల పుస్తకాలు ఆరు నిండాయి. అతని గ్రంథంలో ఆమెకు కృతజ్ఞతలు చెప్పిన పేజీ లేదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను, ఆ అన్యాయం ఈ వ్యాసానికి సంబంధించినది కాకపోయినా.

కొత్త పెద్ద డాక్టరు గారు వచ్చి ఆరేళ్లయింది. ఆయనకు వేరే అలవాటు. స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టేముందు జైలీను అనే ద్రావకంలో ముంచిన దూదితో రెండు వైపులా తుడుస్తారు. సిరా పోతుంది. తన కంటికి ఎవరూ వేలు పెట్టి చూపనక్కర్లేదని, ముందే దారి చూపితే చూపు అటే పోతుందని ఆయన శిష్యులకు చెప్పేవారు. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. చుక్క దగ్గరే ఆగిపోయి చుట్టుపక్కల చూడనివాళ్లు ఉన్నారు. అయితే తుడిచేముందు చుక్క ఎక్కడుందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుని, అంతా చూశాక చివర ఆ చోటును చూడడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషాన్ని ఆరేళ్లలో ఎవరూ అడగలేదు, ఆమె తప్ప.

పోయిన ఏడాది ఒక నాలుక ముక్క వచ్చింది. ఎడమ అంచున తెల్లమచ్చ, నలభయ్యేడేళ్ల మగమనిషి, పొగాకు అలవాటు. వెంట వచ్చిన కాగితంలో వృత్తి అన్న గడిలో ‘బస్‌స్టేషను అనౌన్సరు’ అని ఉంది. ఆమె రోజూ బస్సు మారేది ఆ స్టేషనులోనే. దయచేసి వినండి అంటూ ప్లాట్‌ఫారాల నంబర్లు చెప్పే ఆ గొంతును ఆమె పన్నెండేళ్లుగా వింటున్నది. మనిషిని చూడలేదు.

ఆ ముక్కలో పది చోట్ల కలిపి లెక్క పెడితే మాస్ట్ కణాలు మామూలుగా ఉండేదానికి మూడింతలు, నాళాలు రెండింతల పైన వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువగా మూగిన చోటును పట్టుకుని, సరిగ్గా దాని పైన పైపొర ఎలా ఉందో చూసింది. పైపొర నుంచి వేరులాంటిది ఒకటి కిందికి దిగి, తెగి, కండలో పడ్డట్టు కనిపించింది. అది ఏమిటో చెప్పే అర్హత తనకు లేదని ఆమెకు తెలుసు. చుక్క పెట్టి పంపింది. స్లైడు చుక్క పోయి తిరిగి వచ్చింది. రిపోర్టులో స్వల్ప మార్పులు, కాన్సరు లేదు, ఏడాది తరవాత చూపించుకోవలెను అని ఉంది.

మళ్లీ చుక్క పెట్టి, మరొకసారి చూడమని చీటీ జతచేసి పంపింది. మళ్లీ తుడిచి వచ్చింది. మూడోసారి తానే పట్టుకుని వెళ్లింది. అక్కడ జరిగిన మాటలు ఆమె చెప్పగా ఒకసారి, అప్పుడు గదిలో ఉన్న ఒక శిష్యురాలు చెప్పగా ఒకసారి విన్నాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

“సార్, చుక్క పెట్టిన చోట ఒక్కసారి చూస్తారా?”

“తుడిచాకే చూశానమ్మా. కణాలు లెక్కపెడితే రోగం తేలేటట్టయితే ఇక్కడ నేనెందుకు? రేపట్నుంచి ఈ కుర్చీలో నువ్వు కూర్చో, నేను పోయి మైనం కరిగిస్తా.”

శిష్యులు నవ్వారు.

“మైనం కరిగించడం కష్టం సార్, చేతులు కాలతాయి. కుర్చీ సంగతి నాకు తెలీదు. ఒక్కసారి చూడండి, చాలు.”

ఆయన ఆమె ఎదుటే దూది తీసి చుక్క తుడిచి, స్లైడు తిరిగి ఇచ్చారు.

లెక్కతో రోగం తేలదన్న మాట నిజమే. ఈ కణాలు పెరిగిన ప్రతి మచ్చా కాన్సరు కాదు. ఈ విషయంలో అధ్యయనాలు అన్నీ ఒక్క మాట మీద లేవని నేను చదివాను. ఆమె కూడా లెక్క చూపించి రోగం పేరు చెప్పలేదు. ఎక్కడ చూడాలో మాత్రమే చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె వజ్రపు మొన పెన్సిలుతో గాజు అడుగువైపున, ఆ చోటు చుట్టూ, చిన్న సున్న గీసింది. గాజు మీద గీత దూదికి పోదు. స్లైడును మర్నాటి పళ్లెంలో పెట్టి పంపింది.

నాలుగో రోజున చార్జి మెమో వచ్చింది. ఆసుపత్రి ఆస్తి అయిన ఒక గాజు స్లైడును ఉద్దేశపూర్వకంగా పాడుచేసినందుకు సంజాయిషీ అడిగారు. నేరానికి సాక్ష్యం కావాలి గనుక ఆ స్లైడును కవరులో పెట్టి, లక్క సీలు వేసి, మూడు సంతకాలతో పరిపాలనా విభాగం బీరువాలో భద్రపరిచారు. ఎవరో ఒకరు చూడాలని నాలుగుసార్లు ముందుపెట్టిన స్లైడు, ఇక ఎవరూ చూడడానికి వీల్లేని చోటికి ఆ విధంగా చేరింది.

ఆమె సంజాయిషీలో రెండే విషయాలు రాసింది. గీత గీసినమాట నిజం. సీలు వేసిన స్లైడును ఏ డాక్టరైనా ఒకసారి చూడాలని ప్రార్థన. మొదటిదాన్ని నేర అంగీకారంగా నమోదు చేశారు. రెండోదానికి జవాబు ఇలా వచ్చింది: ‘విచారణ ముగియువరకు సాక్ష్యాధారమును తెరువరాదు.’ దిమ్మలోంచి కొత్త స్లైడు తరగవచ్చు కదా అని చదువరులకు తోచవచ్చు. నాకూ తోచింది. ఆమె అప్పటికే రెండు లోతుల్లో తరిగి చూసింది. ఆ చోటు మరీ చిన్నది. కత్తి దాన్ని దాటి వెళ్లిపోయింది. మిగిలిన దిమ్మలో అది లేదు. ఉన్నది ఆ ఒక్క గాజు మీదే.

ఇక్కడ నా వంతు తప్పు రాయకపోతే ఈ వ్యాసానికి విలువ ఉండదు. పరీక్ష ఫలితాన్ని ప్రయోగశాల సిబ్బంది రోగికి నేరుగా చెప్పకూడదన్నది నిబంధన. ఆయనను కలుస్తానని ఆమె అంటే వద్దని నేనే ఆపాను. పద్ధతి ప్రకారం పోదామన్నాను. సూపరింటెండెంటుకు రెండు, విచారణాధికారికి మూడు, మొత్తం అయిదు దరఖాస్తులు నా దస్తూరీతోనే వెళ్లాయి. విచారణ తేదీ అయిదుసార్లు వాయిదా పడింది. అయిదు నెలలు గడిచాయి. ఆ అయిదు నెలలూ ఆమె ప్రతి ఉదయం తొమ్మిదికి పావుగంట ముందు ఆ బస్‌స్టేషనులో దిగి, ఆ గొంతు వింటూ రెండో బస్సు కోసం నిలబడింది.

అయిదో నెల చివర మాట మందమైంది. మూడో నంబరు ప్లాట్‌ఫారం అనేచోట నాలుక బరువుగా తిరుగుతున్నట్టు, నంబరుకూ నంబరుకూ నడుమ గుటక వేస్తున్నట్టు వినిపించిందట. పక్కన నిలబడ్డ ప్రయాణికులెవరూ గమనించలేదు. బస్సు వచ్చిందా లేదా అన్నదే వారికి కావలసినది. ఇంటికి వచ్చి ఆ రోజు ఆమె అన్నం సరిగ్గా తినలేదు. ఆమె అత్తగారు డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి. ఇద్దరికీ రోజూ వాదులాటే, ఒకరు లేనిదే ఇంకొకరికి తోచదు. సంగతంతా విని ఆ పెద్దావిడ అన్న మాట ఇది.

“ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ కోసి చూస్తావు, నీ నోరు మాత్రం తెరవవు. నా మీద తెరుస్తావుగా, అట్లాగే తెరువు. రేపు ఆ మనిషి పోతే మీ నిబంధన వచ్చి ఏడుస్తుందా? ఆ బాబాయ్ గారికేం, కాగితాలు కుట్టుకుంటూ కూర్చుంటాడు.”

మర్నాడు ఆమె నన్ను అడగలేదు. ఆసుపత్రికి ఒక పూట సెలవు చీటీ పంపి, స్టేషనులోని అనౌన్సరు గది తలుపు తట్టింది. ఆరడుగుల గది. మైకు, బస్సుల వేళల పట్టిక, నీళ్ల సీసా. గోడకు, వేళల పట్టిక పక్కనే, ఆసుపత్రి రిపోర్టు అట్టకు అతికించినట్టు బిగుసుకుని వేలాడుతున్నది.

“మీరు డాక్టరా?” అని ఆయన అడిగాడు.

“కాదండీ. మీ నాలుక ముక్కను తరిగి స్లైడు చేసింది నేను.”

“అందులో ఏమీ లేదన్నారు కదమ్మా. నేనెక్కడ పారేస్తానోనని మా ఆవిడ లామినేషన్ కూడా చేయించింది.”

“రాసేది నేను కాదండీ. చెప్పే అధికారం కూడా నాకు లేదు. ఇంకో ఆసుపత్రికి వెళ్లి మళ్లీ ముక్క తీయించుకోండి. ఈ వారంలోనే.”

“ఏముందంటారు?”

“నాకు తెలీదు. తెలుసుకోమని చెప్పడానికొచ్చాను.”

ఇంతలో బస్సు వచ్చింది. ఆయన మైకు నొక్కి దాని నంబరు, వెళ్లే దారి, ప్లాట్‌ఫారం రెండుసార్లు చెప్పాడు. మైకు కట్టేసి, ఇంట్లో నోరు విప్పనని, ఇక్కడ మూయనని తన భార్య రోజూ దెప్పుతుందన్నాడు. తరవాత ఆమె ఎదుటే సెలవు కాగితం రాశాడు.

రెండో ఆసుపత్రిలో కాన్సరని తేలింది. మెడలో ఒక గ్రంథికి కూడా పాకింది. నాలుక ఎడమ సగాన్ని, ఆ వైపు మెడ గ్రంథులను తీసివేశారు. మనిషి బతికాడు; ఇప్పుడు స్టేషనులోనే పాసులు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు. చెప్పవలసినది పలక మీద రాసి చూపిస్తాడు. అయిదారు నెలల ముందు వచ్చి ఉంటే బహుశా అంచు మాత్రమే తీసి సరిపెట్టేవాళ్లమని కోసిన డాక్టరు అన్నాడట. ఇది విన్న మాట. బహుశా అన్నది ఆ డాక్టరు మాటే. దాన్ని తీసివేసే హక్కు నాకు లేదు.

ఆ ఆసుపత్రివారు పోల్చి చూడడానికి మొదటి స్లైడు పంపమని లిఖితపూర్వకంగా అడిగారు. విచారణలో ఉన్నందున పంపజాలమని మనవారు జవాబిచ్చారు. రెండు ఉత్తరాల నకళ్లూ ఉన్నాయి.

తరవాత జరిగినదానికి ఎవరిని నిందించాలో నాకు తెలియదు. అనౌన్సరు భార్య మంచి మనిషి. పొందిన మేలు చెప్పుకోకపోతే నిద్ర పట్టనివాళ్లలో ఒకరు. సూపరింటెండెంటు గారికి ఒక ఉత్తరం రాసింది. ‘మీ ప్రయోగశాలలోని అక్క మా ఇంటాయన గదికి వచ్చి చెప్పకపోతే మా ఇల్లు ఏమయ్యేదో. ఆమెకు మీరు సన్మానం చేయాలి’ అని అందులో ఉంది. ఉత్తరం చేరిన వారం రోజులకు రెండో చార్జి మెమో వచ్చింది: ఫలితాల గోప్యత భంగపరిచినందుకు. సాక్ష్యంగా ఆ కృతజ్ఞతల ఉత్తరాన్నే జతపరిచారు. ఆ సంగతి తెలిసి ఆవిడ పరుగున వచ్చి, తన ఉత్తరం తనకు తిరిగి ఇచ్చేయమని పరిపాలనా విభాగం మెట్ల మీద రెండు రోజులు కూర్చుంది. సాక్ష్యాన్ని వెనక్కి ఇవ్వరు.

అంతవరకు అయిదుసార్లు వాయిదా పడిన విచారణ, రెండో మెమో తరవాత తొమ్మిది రోజుల్లో ముగిసింది. మూడేళ్లు పదోన్నతి నిలుపుదల. ప్రయోగశాల నుంచి సీసాలు కడిగే విభాగానికి బదిలీ. విచారణాధికారి నివేదిక పదకొండు పేజీలు. అందులో స్లైడు అన్న మాట నలభైసార్లకు పైగా వస్తుంది. స్లైడులో ఏముందన్నది ఒక్కసారి కూడా రాదు. కవరు తెరవకుండానే, గీత ఉన్నట్టు నిందితురాలు ఒప్పుకున్నందున తెరిచే అవసరం లేదని తీర్మానించారు. పెద్ద డాక్టరు గారు ఈ నడుమ అన్ని ప్రయోగశాలలకూ అధిపతి అయ్యారు. ఇప్పుడు నాలుగు గదుల్లో తుడుస్తున్నారు.

ఆమె సీసాలు కడుగుతున్నది. కడగడంలో కూడా ఆమెకు ఒక పద్ధతి ఉందని, అక్కడివారు సీసాలు ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదని విన్నాను. నేను వెళ్లి శిక్ష మీద అప్పీలు రాద్దామంటే, తన సంగతి తరవాత చూద్దామని, ముందు పుస్తకం చూడమని రూళ్ల పుస్తకం చేతిలో పెట్టింది. ఆరో పుస్తకం చివరి పేజీల్లో ఆమె మూడు గడులు గీసి పెట్టింది: చుక్క పెట్టినవి, తుడిచినవి, మళ్లీ చూసినవి. అనౌన్సరు కాక, గడిచిన రెండేళ్లలో ఆమె చుక్క పెట్టగా తుడిచి, కాన్సరు లేదని పంపించిన నోటి ముక్కలు మరి తొమ్మిది ఉన్నాయి. మూడో గడి తొమ్మిది వరుసల్లోనూ ఖాళీ. వాటిలో కొన్నిటికి ఏమీ కాకపోవచ్చు. అన్నిటికీ ఏమీ కాకపోవచ్చు కూడా. ఆ మాట చూసినవారు చెప్పాలి, చూడనివారు చెప్పకూడదు.

సూపరింటెండెంటు గారూ, విచారణాధికారి గారూ, అన్ని ప్రయోగశాలల అధిపతి గారూ, ఇది మీ ముగ్గురికీ రాస్తున్నాను. కవరు మీద ఉన్న మూడు సంతకాలు మీవే గనుక. ఆ సీలు పగలగొట్టండి. మీ ఆసుపత్రికి సంబంధంలేని ఇద్దరు డాక్టర్లచేత ఆ గీత లోపల ఉన్నదేమిటో చూపించి, వారు చూసినది రాతపూర్వకంగా బయటపెట్టండి. గీత గీసిన మనిషిని ఆమె యంత్రం దగ్గరికి తిరిగి పంపండి. తుడవడం మీ పద్ధతి అయితే తుడవండి. తుడిచేముందు చుక్క ఎక్కడుందో నమోదు చేసి, దాని పక్కన చూసినవారు సంతకం చేయాలని ఉత్తర్వు ఇవ్వండి. వీటికి వారమో పక్షమో పడుతుందంటే ఒప్పుకుంటాను. తొమ్మిదిమంది విషయంలో ఒప్పుకోను. వారి కేసు నంబర్లు ఈ నెల మూడో తేదీన రిజిస్టర్డు పోస్టులో మీకు పంపాను. అందినట్టు మీ కార్యాలయం సంతకం చేసిన రసీదు నా దగ్గర ఉంది. వారి చిరునామాలు మీ రికార్డుల గదిలో, ఎడమవైపు మూడో బీరువాలో ఉన్నాయి. నాకు జవాబు రాయనక్కరలేదు. ఆ తొమ్మిది ఇళ్లకూ ఈ రోజే మనిషిని పంపి, వారిని పిలిపించండి.